మంగళం పాడని ఓడ

మూడో రోజు

ఓడలో పనిచేసే ప్రతివాళ్లూ రోజు పుస్తకం రాయాలని ఇక్కడ నియమం. నావికులు గాలినీ లోతునీ రాస్తారు. వంటవాడు ఆ పూట ఏం వండాడో రాస్తాడు. పాటగాళ్లు ఏం రాయాలో మాత్రం ఎవరూ చెప్పలేదు. నాకదే మంచిదయింది. డెబ్బై నాలుగేళ్లలో చెప్పవలసినవి చాలా పోగుపడ్డాయి. అచ్చువేస్తామన్న వాళ్లెవరూ మాట నిలబెట్టుకోలేదు.

నా పేరు దువ్వూరి జోగినాథం. కొన్నాళ్లు బడిలో తెలుగు చెప్పాను కాబట్టి అందరూ మేష్టారంటారు. రెల్లుపూల మేళంలో హార్మోనియం వాయిస్తాను, పాటలు కడతాను. మేళమంటే ముగ్గురమే. గొంతు నూకరత్నానిది. యాభై దాటినా ఆవిడ పై షడ్జం అందుకుంటే పక్కవాళ్లు ఊపిరి తీసుకోవడం మరిచిపోతారు. డోలక్ ఆవిడ మేనమామ కొడుకు పోతురాజు వాయిస్తాడు.

ఓడ పేరు శ్వేతగౌతమి. కింది అంతస్తులో పొడవాటి శాల ఉంది. అందులో నూట ఇరవై గాజు తొట్లు, ఒక్కోదాంట్లో ఒక్కో మనిషి. మెడదాకా గోరువెచ్చని నీలం ద్రవంలో మునిగి నిద్రపోతుంటారు. ఒడ్డున మనుషులకు కలలు రావడం ఆగిపోయి పందొమ్మిదేళ్లయింది. కబురు స్తంభాల హోరు వల్లనన్నారు, తినే తిండి వల్లనన్నారు. కారణం చెప్పిన ఏ పండితుడూ తాను ఒక్క కల కని చూపించలేదు. అందుకని స్తోమత ఉన్నవాళ్లు తొంభై రోజులు సముద్రం మీదికి వచ్చి, నిద్రపోయి, కలలు కని వెళతారు. వాళ్ల పక్కన కూర్చుని పాడటం మా పని. యంత్రం పాడితే కల పులిసిపోతుందట. చిన్నప్పుడు విన్న బాణీలో, విన్న భాషలో, ఎదురుగా మనిషి పాడాలి. ఇందులో అందరూ గోదావరి దిగువ వాళ్లు కాబట్టి భజన మేళాన్ని పిలిచారు.

కల పండినప్పుడు తొట్టి మీద ఆవిరి లేస్తుంది. దానికి రంగుంటుంది, వాసన కూడా ఉంటుంది. పన్నెండో తొట్టిలో అచ్చమ్మ అనే ముసలావిడ ఒకప్పుడు మిఠాయి దుకాణం నడిపిందట. ఆవిడ మీద పొద్దుటినుంచీ బెల్లప్పాకం వాసన.

"మేష్టారూ, ఓసారి ముప్పై మూడో తొట్టి కాడికి రండి. పులస పులుసండీ బాబూ! బెండకాయ ముక్కలు కూడా ఏశారు" అన్నాడు పోతురాజు.

"సిగ్గుందా నీకు? పరాయోళ్ల కలలో చెయ్యెడతావా?" అంది నూకరత్నం.

"చెయ్యెక్కడ పెట్టానే, ముక్కెట్టాను."

శాల బాధ్యత డాక్టర్ షహనాజ్‌ది. నెల్లూరు మనిషి. మెత్తగా మాట్లాడుతుంది, ఒకసారి చెప్పిందంటే ఇక మారదు. మొదటిరోజే మమ్మల్ని కూర్చోబెట్టి చెప్పింది. "మీ పాటకి ముగింపు ఉండకూడదు. అయిపోయిందని వాళ్లకి తెలిస్తే కల తెగిపోతుంది. గొంతు తగ్గించుకుంటా, తగ్గించుకుంటా మెల్లగా లేచి వచ్చేయండి."

"మరి మంగళమో?" అంది నూకరత్నం.

"అది అసలే వద్దు."

నూకరత్నం మొహం చిన్నబుచ్చుకుంది. దీపం పెట్టి, శ్రుతి వేసి, పాట మొదలుపెట్టాక మంగళం పాడకుండా లేవడం మా మేళాల్లో లేదు. విన్నవాళ్లను లేపి ఇళ్లకు పంపే పాట అది. నేను మాత్రం లోలోపల సంతోషించాను. మంగళమంటే నాకు వేరే కారణంచేత ఒళ్లు మంట.

ఏడో రోజు

ఈ రోజు వరస మార్చి శాలకు ఆ కొసన కూర్చున్నాం. నలభై ఒకటో తొట్టి నా మోకాలికి తగులుతోంది. లోపల బట్టతల, ఎడమ కనుబొమ మీద పాత మచ్చ. ఆ మచ్చ నాకు బాగా తెలుసు. నేను విసిరిన కంచు తాళం తగిలి పడిన మచ్చ అది.

వాడు వాసా కోటిలింగం.

ముప్పై ఏడేళ్ల కిందట మేమిద్దరం ఒకే మేళంలో ఉండేవాళ్లం. వాడు ముందు పాడేవాడు, నేను వెనక వంత పాడేవాణ్ణి. ఒక వానాకాలం, వరద తగ్గేదాకా రేవులో కట్టేసిన, ఏరు దాటించే పంటు మీద మూడు రోజులు చిక్కుకుపోయాం. అక్కడ కూర్చుని నేనొక మంగళం రాశాను.

ఒత్తి చిన్నదాయె, ఊరు దగ్గరాయె,
ఇక ఇళ్లకు పదండయ్య, మంగళం.

చివరి చరణంలో, రాసినవాళ్లు తమ పేరు పెట్టుకునే చోట నా పేరు పెట్టుకున్నాను.

రేవులో నిలుచుండి జోగిదాసుడు పలికె,
మీరు చల్లగ పొండి, మంగళం.

మరుసటి ఏడు అదే పాట వాడి గొంతుతో రికార్డు వచ్చింది. జోగిదాసుడు పోయి కోటిదాసుడు వచ్చాడు. రెండు పేర్లకూ అక్షరాలు సమానం, గురులఘువులు సమానం. దొంగతనానికి ఛందస్సు కూడా సాయం పట్టింది. ఆ తర్వాత రెండు జిల్లాల్లో ఏ మైకు విన్నా అదే మంగళం. వాడికి శాలువలు కప్పారు, బిరుదులిచ్చారు. భజన పాటల మీద నాలుగు వందల పేజీల గ్రంథం రాసిన ఒక ఆచార్యుడు వాడికి పదకొండు పేజీలు కేటాయించి నన్ను అడుగున చిన్నక్షరాల్లో పడేశాడు. అందులోనూ నా ఇంటిపేరు తప్పు. ఆ గ్రంథం మూడుసార్లు చదివాను. ప్రతిసారీ కొత్త తప్పులు కనిపించాయి గాని, ఆ తప్పును దిద్దినవాడు కనిపించలేదు.

ఆ రోజు నుంచి ఆ పాట నా నోట పలకలేదు. మా మేళంలో వేరే మంగళం పాడతాం.

వాడి ముక్కుపుటాలు మెల్లగా కదులుతున్నాయి. హాయిగా ఉన్నాడు.

పందొమ్మిదో రోజు

నిన్న ఓడ తేలుడూరి దగ్గర ఆగింది. వందల పాత పడవలను కొబ్బరి తాళ్లతో ముడేసి కట్టుకున్న ఊరు. అల వస్తే వీధులు వంగుతాయి, పోతే నిలుస్తాయి. అక్కడివాళ్లు వలల్లో తోటకూర పండిస్తారు. మాకు మంచినీళ్లిచ్చి పాట అడిగారు. నూకరత్నం పడవ అంచున నిలబడి పాడింది. ఊరంతా ఆ తాళానికి ఊగింది. ఊరు ఊగడం వల్ల తాళం వచ్చిందా, తాళం వల్ల ఊరు ఊగిందా అని పోతురాజు ఇంకా తేల్చుకోలేదు.

ఆ మీదట సముద్రం పాలరంగుకు తిరిగింది. నీళ్లలోంచే వెలుగు వస్తోంది. ఓడ మబ్బు మీద నడుస్తున్నట్టుంది, చప్పుడు లేదు. రెండు తిమింగలాలు పక్కనే వస్తున్నాయి. నూకరత్నం చరణం ఎత్తుకుంటే పైకి తేలుతాయి, పల్లవికి మునుగుతాయి. ఇంత అందాన్ని నేను పుస్తకాల్లో చాలా చదివాను. రాసినవాళ్లలో సగంమంది చూడకుండానే రాశారని ఇప్పుడు రూఢి అయింది.

ఇంత అందంలోనూ నా బుద్ధి నాదే. మధ్యాహ్నం పాట సమయంలో నలభై ఒకటో తొట్టి పక్కకు జరిగి, చావు ఇళ్లలో పాడే శోకాలు వాడి చెవిలో సన్నగా పాడాను. వాడి ఆవిరి బొగ్గురంగుకు మారింది. కమురు వాసన వేసింది. డాక్టర్ పరుగెత్తుకొచ్చింది.

"ఏంది మేష్టారూ ఇది? నలభై ఒకటి గుండె గుర్రంలాగా పరిగెత్తింది!"

"పాడమన్నారు, పాడాను."

"వీళ్లు మన చేతుల్లో ఉన్నారు. పగలుంటే మేలుకున్నాక తీర్చుకోండి."

"మేలుకుంటే వాడు నా మాట వినడమ్మా. ముప్పై ఏడేళ్లలో వాడు నోరు మూసుకుని నేను చెప్పింది వినడం ఇదే మొదలు."

ఆవిడ నవ్వలేదు. ఇంకొకసారి ఇలా జరిగితే తేలుడూరిలో దించేసి పోతానంది.

మళ్లీ పాడలేదు. భయపడి కాదు. ఆ బొగ్గు ఆవిరి విరిగిపోయాక వాడి మీదనుంచి తడిసిన జనపనార వాసన వచ్చింది. వానలో నానిన పంటు తాళ్ల వాసన. వాడి కలలో ఆ రేవెందుకుందో నాకు తెలియదు. తెలుసుకోవాలనీ లేదు.

నలభై ఆరో రోజు

సగం ప్రయాణంలో అందరినీ ఒకసారి లేపాలి. ద్రవంలో నలభై ఆరు రోజులు ఉన్న మనిషిని లేపి, ఒక పూట ఎండలో కూర్చోబెట్టి అన్నం తినిపించి మళ్లీ పడుకోబెట్టాలి. పై కప్పు మీద బల్లలు వేశారు, పప్పూ చారూ వండారు. తెల్లవారుతూనే డాక్టర్ ద్రవాన్ని చల్లబరిచింది. మామూలుగా గంటలో కళ్లు తెరుస్తారట.

ఒక్కరూ తెరవలేదు.

మందు వేసింది. దీపాలన్నీ వెలిగించింది. పేర్లు పెట్టి పిలిచింది. వంటవాడు చేసినదంతా నావికులే తిన్నారు, తలెత్తకుండా తిన్నారు.

నలభై తొమ్మిదో రోజు

అచ్చమ్మ గుండె మొదట్లో నిమిషానికి ముప్పై సార్లు కొట్టుకునేది. ఈ రోజు పద్దెనిమిది. అందరిదీ అంతే. ఇలా తగ్గుకుంటూ పోతే యాభై నాలుగో రోజు సాయంత్రానికి ఆగిపోతాయని డాక్టర్ చెప్పింది. ఒడ్డు పన్నెండు రోజుల దూరంలో ఉంది. ఆవిడ కళ్ల కింద నలుపు పట్టేసింది.

ఈ రోజు ఒక వింత కనిపించింది. మేం పాడుతుంటే నిద్రలో ఉన్నవాళ్ల పెదవులు కదిలాయి. మొదట నలుగురివి, తర్వాత వరసంతా. నూకరత్నం ఒక పాదం పాడి ఆపగానే నూట ఇరవై మంది ఊపిరితోనే దాన్ని మళ్లీ పలికారు. శాల నిండా రెల్లుదుబ్బుల్లో గాలి తిరిగినట్టు చప్పుడు. పోతురాజు చేతులు డోలక్ మీదే ఆగిపోయాయి. మేం ఆపినా వాళ్లు చాలాసేపు ఆపలేదు.

బయటికి రాగానే నూకరత్నం డాక్టర్‌ని పట్టుకుంది.

"వాళ్లకి జబ్బేం లేదండి డాక్టరమ్మగారూ. భజనలో కూర్చున్నారండి. అయిపోలేదు కదండీ, ఎలా లేస్తారు?"

"అర్థమయ్యేట్టు చెప్పమ్మా."

"మా వైపు చంటిపిల్లోడు కూడా మంగళం పాడందే లెగడండి. నిద్రొచ్చినా అమ్మ ఒళ్లోనే పడుకుంటాడు గాని ఇంటికెళదామనడు. మీరు నలభై ఆరు రోజులు భజన చేయించి మంగళం మానిపించారు. ఆళ్లు మర్యాదస్తులండి. కూర్చునే ఉన్నారు."

షహనాజ్ శాల తలుపు తీసి పట్టుకుంది. తర్వాత, "నియమం రాసింది నేనే. పాడండి" అంది.

యాభై రెండో రోజు

మూడు రోజులుగా మా మేళం మంగళం పాడుతూనే ఉన్నాం. ఎవరూ కదల్లేదు. పాతకాలం మంగళాలు ఏడు పాడాం. కొందరి కనురెప్పలు అదిరాయి, అంతే.

"ఆ పాట పాడాలి మేష్టారూ" అంది నూకరత్నం, నా మొహం చూడకుండా. "ఈళ్లందరూ ఏళ్ల తరబడి ఆ మంగళం విని ఇళ్లకెళ్లినోళ్లే."

పాడతానన్నాను. నా పాట నేను పాడతాను, నా పేరుతోనే పాడతాను అన్నాను. ముప్పై ఏడేళ్ల తర్వాత గొంతెత్తాను. మొదటి పాదానికే శాలంతా ఆవిరి తెల్లబడింది. రెండో చరణానికి వేళ్లు కదిలాయి. అచ్చమ్మ తల పైకెత్తింది. రేవులో నిలుచుండి జోగిదాసుడు పలికె, అని పాడాను.

అంతా ఆగిపోయింది. మీరు చల్లగ పొండి అనే పాదం పాడకుండా నేనూ ఆపేశాను. చూసిన నుదుళ్లన్నిటి మీదా ఒకే ముడత. ఎవరో తెలియని మనిషి తలుపు తీస్తే గుమ్మంలో నిలబడిపోయినట్టు కలలోనే ఆగారు. తర్వాత ఒక్కొక్కరే వెనక్కి జారి ఇంకా లోతుకు వెళ్లిపోయారు. అచ్చమ్మ గుండె తొమ్మిదికి పడింది.

"మీ పేరు ఆళ్లకి తెలీదండి మేష్టారూ" అన్నాడు పోతురాజు. వాడు ఎత్తిపొడవలేదు. ఎత్తిపొడిచి ఉంటే బాగుండేది.

"ఆ ఇంకో పేరు పెట్టి పాడండి" అంది డాక్టర్.

"పాడను."

"మేష్టారూ, నూట ఇరవై మంది."

"తెలుసమ్మా. ఎంచడం నాకూ వచ్చు."

గదికి వచ్చి తలుపు వేసుకున్నాను. మహానుభావులు తమ కీర్తిని తృణంగా ఎంచారని చాలా గ్రంథాల్లో చదివాను. అవన్నీ మహానుభావుల పేర్లతో అచ్చయిన గ్రంథాలే.

యాభై మూడో రోజు

పొద్దున్నే శాలలోకి వెళ్లాను. అచ్చమ్మ మీద పాకం వాసన లేదు. ఏ వాసనా లేదు. ముప్పై మూడో తొట్టి దగ్గర పోతురాజు కూర్చుని ఉన్నాడు. అక్కడ కూడా ఆవిరి లేదు. "పొయ్యి ఆరిపోయిందండి" అన్నాడు.

హార్మోనియం తెప్పించాను. నూకరత్నాన్ని ముందు పాడమని, నేను వెనక వంతకు కూర్చున్నాను. చివరి చరణం దగ్గర ఆవిడ ఆగి నా వైపు చూసింది. ఆ పాదం నేనే ఎత్తుకున్నాను.

రేవులో నిలుచుండి కోటిదాసుడు పలికె,
మీరు చల్లగ పొండి, మంగళం.

నా నోటితోనే పాడాను. ఒకసారి చాలదేమోనని రెండోసారీ పాడాను.

నీళ్ల చప్పుడు మొదలైంది. ఎవరో దగ్గారు. ఎవరో చెప్పులెక్కడని అడిగారు. అచ్చమ్మ తొట్టి అంచు పట్టుకుని లేచి, "తెల్లారిపోయిందా? అయ్యో, పొయ్యి ఎలిగించాలి" అంది. షహనాజ్ ఒక మూల నిలబడి రెండు చేతుల్లో మొహం దాచుకుంది. నూట పందొమ్మిది మంది లేచారు.

నలభై ఒకటి లేవలేదు.

యాభై నాలుగో రోజు

పొద్దున పై కప్పు మీద అందరూ ఎండలో కూర్చుని అన్నం తిన్నారు. నన్ను చూసి లేచి నమస్కారాలు పెట్టారు. అచ్చమ్మ నా చెయ్యి పట్టుకుంది. "కోటిదాసుగారి పాట ఎంత బాగా పాడారు నాయనా! అచ్చం ఆయనే పాడినట్టుంది." నేను చారు తాగాను. సముద్రం ఇంకా పాలరంగులోనే ఉంది. ఎంత చూసినా దానికి అంచు కనిపించదు.

డాక్టర్ పక్కకు పిలిచింది. నలభై ఒకటి గుండె నిమిషానికి ఆరు. సాయంత్రం దాకా నిలవకపోవచ్చు.

"నిన్న మంగళం వింటా పైదాకా వచ్చాడు మేష్టారూ. ఆ పేరు కాడ ఆగిపోయాడు. అందరూ మీ పేరు కాడ ఎట్లా ఆగారో అట్లానే. ఆయన పేరే కదా అది? నాకర్థం కాలా."

నాకు అర్థమైంది. ఆ పేరు అబద్ధమని తెలిసినవాడు నిద్రపోయేవాళ్లలో వాడొక్కడే. అంతకు ముందురోజు నా పేరుతో పాడినప్పుడు మంగళం దాకా పాడకుండా నేనే తెంచేశాను.

నేను కిందికి పరుగెత్తలేదు. ఉన్నదున్నట్టు రాస్తున్నాను. మజ్జిగన్నం కూడా కలుపుకున్నాను. వాడు పోతే న్యాయం జరిగినట్టే అనుకున్నాను. మనసులో తీర్పు కూడా రాసుకున్నాను, మంచి భాషలో. ముద్ద నోటి దాకా వచ్చాక ఇంకోటి తోచింది. ఆ పాట నాదేనని ఎరిగిన మనిషి భూమ్మీద ఇంకెవరున్నారు? నూకరత్నం నా మాట నమ్మింది, అంతే. పంటు మీద పక్కన కూర్చుని, రాస్తుంటే చూసినవాడు కోటిలింగమొక్కడే. వాడు పోతే నా దగ్గర మిగిలేది నా మాట మాత్రమే. నా మాటకు ఎంత విలువో ఆ నాలుగు వందల పేజీల గ్రంథం ఎప్పుడో తేల్చేసింది.

చెయ్యి కడుక్కుని దిగాను. శాల ఖాళీగా ఉంది. నూట పందొమ్మిది తొట్లలో నీలం నీళ్లు నిలిచి ఉన్నాయి. వాడి మీద సన్నగా, తెగిపోయేలా ఒక్క ఆవిరి పోగు. హార్మోనియం ఒళ్లో పెట్టుకుని వాడి చెవి దగ్గర కూర్చున్నాను.

నెమ్మదిగా పాడాను. ఒత్తి చిన్నదాయె, ఊరు దగ్గరాయె. తడి జనపనార వాసన లేచింది. వాన వాసన, పంటు చెక్కల వాసన. మేమిద్దరం ఒకే గోనెసంచి కప్పుకుని కూర్చున్న ఆ మూడు రోజుల వాసన. నాకు పందొమ్మిదేళ్లుగా కలలు లేవు. ఆ వాసనలో కూర్చుంటే కళ్లు తెరిచే ఉన్నా రేవు కనిపించింది.

చివరి చరణానికి వచ్చాను. రేవులో నిలుచుండి, అని ఆగాను.

వాడి పెదవులు కదిలాయి. "జోగిదాసుడు పలికె" అన్నాడు.

కళ్లు మూసుకునే అన్నాడు. గొంతు ఎండిపోయి ఉంది, అయినా పేరు స్పష్టంగా పలికాడు. మెట్ల మీద నిలబడిన షహనాజ్ విన్నది. ఆవిడ వెనక నూకరత్నం, పోతురాజు, అన్నం చేతుల్తోనే దిగివచ్చిన అచ్చమ్మ విన్నారు. అందరూ విన్నారని నేను తలతిప్పి చూసుకున్నాను.

వాడు కళ్లు తెరిచాడు. నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు.

"ముసలోడివైపోయావురా జోగీ."

"నీకంటే నయం. నాకు జుట్టుంది."

"ఎక్కడున్నాం?"

"సముద్రంలో."

"నీళ్లు మాత్రం వదలవు గదరా నువ్వు" అని కొంచెంసేపు గసపోసుకున్నాడు. తర్వాత చూపు పక్కకు తిప్పుకుని, "మార్చకుండా ఉండాల్సింది" అన్నాడు.

ఈ మాట కోసం ముప్పై ఏడేళ్లుగా జవాబులు సిద్ధం చేసుకున్నాను. వ్యాకరణం దిద్దాను, పదును పెట్టాను, అద్దం ముందు చదువుకున్నాను. ఒక్కటీ గుర్తుకు రాలేదు.

"రెండో చరణం ఎగ్గొట్టావు. తొందరెందుకు? మొదటినుంచీ ఎత్తుకో. నేను వంత పాడతాను" అన్నాడు వాడు.

వాడు వంత పాడతాననడం నేనెన్నడూ వినలేదు. క్షమించేశానని ఈ పుస్తకం చదివినవాళ్లెవరూ అనుకోవద్దు. మెట్ల మీదివాళ్లు వచ్చి తొట్ల అంచుల మీద కూర్చున్నారు. పోతురాజు డోలక్ సవరించుకున్నాడు. నేను శ్రుతి పెట్టి మొదటి పాదం పాడి ఆపాను.

వాడు ఎప్పటిలాగే అర మాత్ర ముందే అందుకున్నాడు.